నాలుగో స్లాబ్ పడకముందే

పక్క స్థలంలో ప్లానుకు మించి కట్టడం లేస్తుంటే చూసి ఊరుకోవడం మంచితనం కాదు. ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి, కాగితం మీద ఏం రాయాలి?

2023 నవంబరు 13. దీపావళి మర్నాడు. హైదరాబాద్ నాంపల్లి దగ్గర బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది భాగంలో మంటలు లేచాయి. కార్లు నిలపాల్సిన చోట రసాయనాల డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. పైన నాలుగు అంతస్తుల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి. దిగడానికి ఉన్న మెట్లను కిందనుంచి వచ్చిన పొగే మూసేసింది. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిటికీల్లోంచి మనుషులను దించారు. తొమ్మిది మందిని మాత్రం కాపాడలేకపోయారు.

అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లో ఇలాంటిదే మరొకటి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. బతుకుతెరువు పనుల మీద ఊళ్ల నుంచి వచ్చి గదులు తీసుకున్న వాళ్లు రాత్రివేళ పొగలో చిక్కుకున్నారు. ఎనిమిది మంది చనిపోయారు. ఇంకా వెనక్కి వెళితే, 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం రాత్రికి రాత్రి కుప్పకూలింది. అందులోనే తలదాచుకుంటున్న కూలీల కుటుంబాల్లో 11 మంది పోయారు. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఒక మాట ఆలోచించండి. రసాయనాల డ్రమ్ము జేబులో పెట్టుకొచ్చేది కాదు. ఆటో ట్రాలీలో వస్తుంది, నలుగురు కలిసి దించుతారు, వాసన వస్తుంది. ఏడో అంతస్తు అర్ధరాత్రి మొలిచేది కాదు. దానికి ముందు ఆరు స్లాబులు పడతాయి. మన ఊళ్లలో అక్రమ కట్టడం కంటికి కనబడకుండా జరిగిపోయే నేరం కాదు. వీధంతా చూస్తూనే ఉంటుంది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, పాలవాడు, మున్సిపాలిటీ చెత్త బండి నడిపే మనిషి, అందరూ చూస్తారు. చూసినవాళ్లలో అడిగేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు.

ఎందుకు అడగరంటే, అడిగినవాడికి మనం పెట్టే పేరు అలాంటిది. ‘ఓర్వలేనితనం’ అంటాం. ‘ఇల్లు కట్టుకుంటుంటే కడుపుమంట’ అంటాం. ‘కట్టుకోనీయండి సార్, మీకేం పోయింది’ అని పెద్దమనిషి వచ్చి చెబుతాడు. పోయేదేమిటో ముందు తేల్చుకోవాలి.

వదిలిన ఖాళీ ఎవరి సొత్తు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్ 7న జీవో 168 పేరుతో భవన నిర్మాణ నియమాలు వచ్చాయి. టౌన్ ప్లానింగ్ ఆఫీసుల్లో ఇప్పటికీ ‘వన్ సిక్స్‌టీ ఎయిట్’ అంటే అర్థంకానివారు లేరు. ప్లాటు ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు కడుతున్నారు అన్న లెక్కల మీద చుట్టూ ఎంత ఖాళీ వదలాలో ఆ నియమాలు చెబుతాయి. 18 మీటర్లు దాటితే హైరైజ్ కింద లెక్క, షరతులు మరింత గట్టివి. పది హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్. పది మీటర్లకన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు.

ఈ అంకెలు గుమాస్తాల సరదాకు రాసుకున్నవి కావు. సెట్‌బ్యాక్ అంటే నిప్పంటుకున్నప్పుడు ఫైరింజన్ పైపు లాక్కుపోవడానికి ఉన్న దారి. పక్కింటి వంటగదికి వచ్చే వెలుతురు. వర్షం నీళ్లు భూమిలోకి ఇంకే జాగా. ఆ ఖాళీ యజమాని పట్టాలోనే ఉన్నా దానివల్ల బతికేది చుట్టుపక్కల వాళ్లు. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. ఈ బిల్డింగ్ బాల్కనీలోంచి చెయ్యి చాపితే ఆ బిల్డింగ్ కిటికీ ఊచ అందే చోట్లున్నాయి. మధ్యలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, డ్రైనేజీ పైపులు, తలకు తగిలేంత కిందికి కరెంటు వైర్లు. పట్టపగలు ట్యూబులైటు లేకుండా గదిలో పుస్తకం కనబడదు. అక్కడ మూడో అంతస్తులో నిప్పు పుడితే ఏ నిచ్చెన ఎక్కడ ఆనించాలో అగ్నిమాపక శాఖ వాళ్లే చెప్పాలి.

పక్క స్థలంలో ఇష్టారాజ్యంగా తవ్వినా ముప్పు మనకే. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో, ఆనుకుని ఉన్న జాగాలో గుంత తీయడంతో, ఇరుకు ప్లాటులో లేచిన ఒక భవనం పక్కకు ఒరిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. చివరికి దాన్ని కూల్చేశారు. గుంత తీసింది ఒకరు, కొంప పోయింది ఇంకొకరికి.

కట్టడం సక్రమమే అయినా వాడకం మారిపోవడం రెండో రకం ఉల్లంఘన. మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతమని ఉన్నచోట గోదాం, ఫంక్షన్ హాలు, వర్క్‌షాపు వెలుస్తాయి. పార్కింగ్ అని చూపించిన సెల్లార్‌లో షాపులు, స్టిల్ట్‌లో గదులు. దీని మీద మన పక్క రాష్ట్రం నుంచి ఒక పాత కేసు ఉంది. ఉడుపిలో ఇళ్ల మధ్య కల్యాణ మండపానికని మొదలైన కట్టడాన్ని సినిమాహాలుగా మార్చుకోవడానికి మున్సిపాలిటీ అనుమతిచ్చింది. ఆ చుట్టుపక్కల ఉండే ఒకాయన కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మున్సిపాలిటీ తన స్కీమును తానే ఉల్లంఘించలేదని, దాన్ని అమలు చేయించుకోవడంలో అక్కడి నివాసులకు సొంత ప్రయోజనం ఉందని ఆ తీర్పు సారం. కాబట్టి ‘నీకేం సంబంధం?’ అని ఎవరైనా నిలదీస్తే జవాబు యాభై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టు చెప్పేసింది. సంబంధం ఉంది.

స్లాబుకు చిల్లులు

ఫిర్యాదు చేసినవాళ్లలో ఎక్కువమంది విసిగి వదిలేయడానికి కారణం ఉంది. జీహెచ్ఎంసీ చట్టంలో దారి స్పష్టంగానే ఉంటుంది. ముందు సెక్షన్ 452 కింద షోకాజ్ నోటీసు, సంజాయిషీ చూశాక కారణాలు రాసిన స్పీకింగ్ ఆర్డర్, సెక్షన్ 636 కింద కూల్చివేత ఉత్తర్వు. 461ఏ కింద సీలు కూడా వేయొచ్చు. కాగితం మీద ఇంత ఉన్నా క్షేత్రంలో జరిగేది వేరు. నోటీసు అందిన రోజు నుంచి పని ఆగాలి. ఆగదు సరికదా రెట్టింపు వేగంతో సాగుతుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే దాకా సెంట్రింగ్ కర్రలు కొట్టి, శనివారం రాత్రి రెడీమిక్స్ లారీలు దింపి, ఆదివారం తెల్లవారేసరికి స్లాబు పోసేస్తారు. సోమవారం వచ్చి చూస్తే దాని మీద నీళ్లు కట్టి ఉంటాయి.

ఆ తర్వాత టౌన్ ప్లానింగ్ సిబ్బంది వస్తారు. బ్రేకర్‌తో స్లాబు మధ్యలో రెండు మూడు చిల్లులు కొడతారు. ఇనుప చువ్వలు బయటపడతాయి, ఫొటో తీసుకుంటారు, ఫైల్లో ‘కూల్చివేత జరిగింది’ అని రాసుకుంటారు. వారం తిరక్కుండా ఆ చిల్లులకు కాంక్రీటు నింపి, మీద టైల్స్ పరిచేస్తారు. ఇంత బలహీనపడిన స్లాబు మీదే రేపు ఎవరో అద్దెకు దిగి పిల్లల మంచం వేస్తారు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఇలా ఒకసారి కూల్చినట్టు చేసి వదిలేసిన భవనం మళ్లీ లేచింది. 2025 జనవరిలో, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వెళ్లి దాన్ని నేలమట్టం చేయాల్సి వచ్చింది. నా మట్టుకు నాకు, చిల్లులు కొట్టే ఈ పద్ధతి అసలు చర్య తీసుకోకపోవడం కన్నా ప్రమాదం. ఇల్లు అక్రమంగానే మిగులుతుంది, పైగా బలం తగ్గుతుంది.

ఈలోగా బిల్డర్ కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటాడు. నోటీసులో తేదీ తప్పుగా పడిందనో, సంజాయిషీకి గడువివ్వలేదనో సాకు దొరుకుతుంది. ఆ తప్పులు నిజంగా పొరపాటున దొర్లుతాయా, కావాలని వదిలేస్తారా అన్నది ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఏళ్లు గడిచాక క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) వచ్చింది. తెలంగాణలో 2015లో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) వచ్చింది. డబ్బు కడితే తప్పు ఒప్పైపోయే ఈ పథకాలు ప్లాను ప్రకారం ఖాళీ వదిలి, ఒక గది తగ్గించుకుని ఇల్లు కట్టుకున్న మనిషిని వెర్రివాడిని చేస్తాయి. అక్రమార్కుడికి భరోసా ఇచ్చేది లంచం ఒక్కటే కాదు, రేపు రాబోయే జీవో కూడా.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. ఫిర్యాదుకు విలువంతా వేళలోనే ఉంది. గుంత తీసేటప్పుడు, పిల్లర్లు లేచేటప్పుడు చెప్పిన మాటకు ఉన్న బరువు, గృహప్రవేశం అయ్యాక రాసిన వంద పేజీలకు ఉండదు. పునాది దగ్గర గీత సరిచేయడానికి రెండు రోజుల పని. నాలుగో అంతస్తులో కాపురం పెట్టాక కూల్చాలంటే అమాయకుడైన కొనుగోలుదారుడి కన్నీళ్లు అడ్డొస్తాయి. ఆ కన్నీళ్లు నిజమైనవి కూడా.

కాగితంలో ఏముండాలి?

ముందు ప్లాను కోసం చూడండి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మీరట్‌లోని ఒక అక్రమ కట్టడం కేసులో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. కట్టడం జరిగినంత కాలం మంజూరైన ప్లానును సైటు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. పూర్తయ్యాక ప్లాను ప్రకారం ఉందని ధ్రువపత్రం వచ్చేదాకా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వకూడదు. బ్యాంకులు ఆ పత్రం చూశాకే అప్పివ్వాలి. సైటు దగ్గర ఏ బోర్డూ లేదంటే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం దొరికినట్టే.

బోర్డు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో, ఫలానా ప్లాటులో కట్టడానికి ఇచ్చిన అనుమతి పత్రం, మంజూరైన ప్లాను నకలు, ఇప్పటివరకు జరిగిన తనిఖీ నివేదికలు కావాలని మున్సిపాలిటీ సమాచార అధికారిని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పైఅధికారికి మొదటి అప్పీలు. అయితే ఈ నెల రోజులు గడిచేదాకా ఫిర్యాదు ఆపొద్దు. రెండూ ఒకే రోజు వేయండి.

‘మా వీధిలో అక్రమ కట్టడం జరుగుచున్నది, కావున తగు చర్యలు తీసుకోగలరు’ అని రాసిన అర్జీలు ఆఫీసుల్లో కట్టలుగా పడి ఉంటాయి. వాటికి వచ్చే జవాబు కూడా అచ్చు అలాగే ఉంటుంది, ‘పరిశీలించి తగు చర్య తీసుకొనబడును’ అని. అదే కాగితం ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి: ‘మా ఇంటికి తూర్పున ఉన్న 200 గజాల ప్లాటులో స్టిల్ట్, దానిపై రెండు అంతస్తులకే అనుమతి ఉంది. అనుమతి నంబరు ఇది. ఈ నెల 9న మూడో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ కొట్టారు. మా ప్రహరీకీ వాళ్ల గోడకూ మధ్య రెండడుగుల ఖాళీ కూడా లేదు. టేపు పెట్టి కొలిచిన ఫొటో, తేదీతో సహా జతచేశాను. ఈ శనివారం స్లాబు పోయబోతున్నారు.’ ఈ రెండో కాగితాన్ని ‘పరిశీలించాం, ఏమీ లేదు’ అని మూసేయడానికి ఏ అధికారికైనా చెయ్యి వణుకుతుంది. అబద్ధం రాస్తే ఆ అబద్ధం మీద తన సంతకం ఉంటుందని ఆయనకు తెలుసు.

కొలత తెలియకపోతే తెలియదనే రాయండి. ‘ఎక్కువ కట్టారని అనుమానం, కొలిచి చూడగలరు’ అన్నా చాలు. నిర్ధారించడం అధికారి పని. లేనిది ఉన్నట్టు మాత్రం రాయొద్దు. ఒక్క తప్పుడు మాటతో మిగతా తొమ్మిది నిజాలూ కొట్టుకుపోతాయి.

ఎక్కడ ఇవ్వాలంటే, తెలంగాణ పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు, సర్కిల్ ఆఫీసులోని టౌన్ ప్లానింగ్ విభాగానికి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నంబరు పడుతుంది, ఆ నంబరే మీ ఆయుధం. చెరువు, నాలా, పార్కు, ప్రభుత్వ స్థలం ఆక్రమణైతే ఔటర్ రింగ్ రోడ్డు లోపల హైడ్రా ఉంది. 2024 జులైలో ఏర్పాటైన ఈ సంస్థ బుద్ధభవన్‌లో సోమవారాలు అర్జీలు తీసుకుంటోంది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు. మొదటి కాగితం అక్కడివ్వండి, నకలు కమిషనర్‌కు పంపండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజు ఎలాగూ ఉంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే ‘ఫలానా తేదీన చెప్పాం, కదల్లేదు’ అనడానికి ఆ చీటీయే సాక్ష్యం. బిల్డర్ గుట్టుగా స్టే తెచ్చుకుంటాడన్న అనుమానం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద ముందే కేవియట్ వేసుకోవచ్చు. 90 రోజుల పాటు మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వడానికి లేదు.

‘టాక్స్ కడుతున్నాం, ఇంటి నంబరు వచ్చింది, ఇంక అక్రమం ఎలా అవుతుంది?’ అన్న మాట తరచూ వినబడుతుంది. పన్ను వసూలు వేరు, అనుమతి వేరు. ఆస్తిపన్ను రసీదు అక్రమాన్ని సక్రమం చేయదు.

ఒంటరిగా వెళ్లొద్దు

ఫిర్యాదుదారుడి పేరు సాయంత్రానికల్లా బిల్డర్‌కు చేరిపోతుందన్నది ఈ విషయంలో అందరికీ ఉన్న భయం. అది ఉత్త భయం కాదు. అర్జీ ఇచ్చిన గంటలో ఫోన్ వస్తుంది, ‘అన్నా, మనం మనం మాట్లాడుకుందాం’ అని మొదలై బెదిరింపు దాకా పోతుంది. ప్రభుత్వాలు దిద్దుకోవాల్సిన మొదటి తప్పు ఇదే. ఫిర్యాదుదారుడి పేరును తనిఖీకి వెళ్లే సిబ్బందికి తెలియకుండా ఉంచడం ఏమంత కష్టం కాదు. ఉంచాలన్న ఉద్దేశం ఉండాలి. అది వచ్చేదాకా మనకున్న రక్షణ సంఖ్యాబలం. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద పదిమంది సంతకాలు ఉంటే ఎవరినని బెదిరిస్తారు?

కలిసి నిలబడితే ఎంత దూరం పోవచ్చో నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ అపార్టుమెంట్ల నివాసులు చూపించారు. వాళ్లు ఫ్లాట్లు కొన్నప్పుడు తోట అని చూపించిన స్థలంలో రెండు టవర్లు లేవడం మొదలైంది. ప్లాను మార్చి మార్చి 40 అంతస్తులకు పెంచుకున్నారు. పాత టవరుకూ కొత్త టవరుకూ మధ్య 16 మీటర్ల ఖాళీ ఉండాల్సింది, తొమ్మిదే వదిలారు. నివాసుల సంఘం మంజూరైన ప్లాను చూపించమని నోయిడా అథారిటీని అడిగింది. అథారిటీ ఏం చేసిందో తెలుసా? ‘ఇవ్వమంటారా?’ అని బిల్డర్‌నే అడిగింది. బిల్డర్ వద్దన్నాడు. ఇవ్వలేదు.

సంఘంలో చాలామంది రిటైరైనవాళ్లు. చందాలు వేసుకుని 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లారు. 2014లో హైకోర్టు కూల్చేయమంది. బిల్డర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. అధికారులకూ బిల్డర్‌కూ ఉన్న కుమ్మక్కును ఎండగట్టింది, నివాసుల సంఘానికి రెండు కోట్లు చెల్లించమంది. 2022 ఆగస్టు 28న, 3,700 కిలోల పేలుడు పదార్థంతో, దాదాపు వంద మీటర్ల ఎత్తున్న ఆ జంట టవర్లు క్షణాల్లో నేలకూలాయి. పదేళ్లు పట్టింది. అయినా, ప్లాను చూపించమని అడిగిన ఒక మామూలు ఉత్తరంతో ఆ కథ మొదలైందన్న సంగతి మరిచిపోవద్దు.

ఎవరి మీద?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫిర్యాదు పేరుతో బతికేవాళ్లు మన ఊళ్లలో తయారయ్యారు. స్లాబు ఫొటో తీసి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, లక్ష ఇస్తే వెనక్కి తీసుకుంటామనేవాళ్లు. వీళ్లవల్ల నిజాయతీగా అడిగేవాళ్ల మాట కూడా పలచనైపోతోంది. ఒకసారి ఇచ్చిన ఫిర్యాదును సొమ్ము తీసుకుని ఉపసంహరించుకునే మనిషి, అక్రమంగా కట్టినవాడికి భాగస్వామి. పాత గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు తీర్చుకోవడానికి మున్సిపాలిటీని వాడుకోవద్దు. వాటికి సివిల్ కోర్టులున్నాయి.

75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లకు అనుమతే అక్కర్లేదని, రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలని తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం చెప్పింది. ఆ వెసులుబాటు వెనకున్న దయ మన చూపులోనూ ఉండాలి. రేకుల ఇంటి ముందు చూరు రెండు జానలు బయటికొచ్చిందని అర్జీ పెట్టడం కాదు మన పని. సెల్లార్‌ను షాపులు చేసి అమ్ముకునే బిల్డర్, రెండు అంతస్తులకు అనుమతి తీసుకుని ఐదు కట్టి అమాయకులకు అంటగట్టేవాడు, చెరువులో మట్టి పోసి ప్లాట్లు గీసేవాడు, వాళ్ల మీద రాయాలి.

ఫిర్యాదు చేసినంత మాత్రాన తెల్లారేసరికి బుల్డోజర్ రావాలనుకోవడం కూడా తప్పే. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు జరిగిన కూల్చివేతపై తెలంగాణ హైకోర్టు అధికారులను నిలబెట్టి అడిగింది. అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు కనీసం 15 రోజుల నోటీసు, సంజాయిషీకి అవకాశం, వీడియో చిత్రీకరణ తప్పనిసరి చేసింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జలవనరుల మీది ఆక్రమణలకు మాత్రం ఇది వర్తించదని చెప్పింది. ఈ పద్ధతి అక్రమార్కుడికి వరం అనుకోవద్దు. నియమం ప్రకారం నోటీసిచ్చి, నియమం ప్రకారం తీసుకున్న చర్యే కోర్టులో నిలుస్తుంది. ముహూర్తం చూసుకుని వెళ్లి గోడ పగలగొట్టి వచ్చినది నిలవదు, ఆ పేరు చెప్పుకుని బిల్డర్ మరో ఐదేళ్లు గడిపేస్తాడు.

మీ వీధిలో పునాది తీస్తున్న స్థలం ఏదైనా ఉంటే ఆదివారం సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఆగి చూడండి. ప్లాను బోర్డు ఉందా? ఎన్ని అంతస్తులని రాసి ఉంది? ప్రహరీ వైపు ఎంత వదిలారు? తేడా కనిపిస్తే ఒక ఫొటో తీసి, పక్కింటి నలుగురినీ కూర్చోబెట్టి, ఒక పేజీ రాయండి. మర్నాడు సోమవారం. అర్జీలు తీసుకుంటారు. ఇచ్చి, నంబరు వేయించుకుని రండి.